గురవి తమ్ముడు

ఎనిమిదో రోజు పొద్దున ఈదయ్య సొరబుర్రను తలకిందులుగా పట్టి విదిలించాడు. ఒక్క తేనెచుక్క జారి, అంచు దాకా వచ్చి, ఆలోచనలో పడ్డట్టు అక్కడే వేలాడింది. దాన్ని వేలితో తీసి గుడ్డపేలికకు రాశాడు. అంతే. బుర్ర ఖాళీ.

ఎదురుగా ఎండుగడ్డి మీద పడుకున్న పడుచువాడి తొడలో మాత్రం రెండు వేళ్లు పట్టేంత పుండు గుంట ఇంకా మిగిలే ఉంది.

"అయిపోయిందా?" అన్నాడు వాడు.

"అయిపోయింది."

"మరి?"

"మరేముంది? నీ కాలు, నీ కర్మ."

మాట అలా అన్నాడే గానీ, ఈదయ్య కళ్లు గుడిసె బయటికి, పైకి పోయాయి. అక్కడ నిలబడి ఉంది తేనెబండ.

వజ్రకూట రాజ్యానికి ఉత్తరపు కొసన, ఆకాశాన్ని నరకబోయి నడిమధ్య ఆగిపోయిన గొడ్డలిలా ఉంటుందా బండ. దాని నిలువెల్లా కాటుకలాంటి చారలు. కొమ్ము కింద, మనిషి చెయ్యి ఏ వైపు నుంచీ అందని చోట, ఏనుగు చెవులంతేసి తేనెపెరలు వేలాడుతుంటాయి. పొద్దుటెండ తగిలితే ఆ పెరల మీద తేనెటీగలు ఈ చివరి నుంచి ఆ చివరికి అలలు అలలుగా కదులుతాయి. చూసేవాడికి బండే ఊపిరి తీస్తున్నట్టుంటుంది. తేనె బరువుకు పెరల అడుగు అంచులు పసుపు పట్టిన పట్టుబట్టలా మెరుస్తాయి. ఐదేళ్లుగా వాటిని ముట్టినవాడు లేడు.

ఐదేళ్ల కింద ఆ బండ నీడలో నలభై గుడిసెలుండేవి. ఇప్పుడుంది ఒక్కటే. పొయ్యి ఒకటి, కుండ ఒకటి, మనిషి ఒకడు. మాట్లాడాలనిపిస్తే ఈదయ్య కుండతో మాట్లాడేవాడు. కుండ మంచిదే. అడ్డం చెప్పదు. కానీ ఎంతకాలమని?

ఆ నలభై గుడిసెలు ఎందుకు లేచిపోయాయో, ఈదయ్య ఎందుకు మిగిలాడో చెప్పాలంటే ముందు వాళ్ల కట్టుబాటు చెప్పాలి. తేనె కోసేవాడు తాడు మీద దిగేటప్పుడు పైన తాడు కాపుండేది పెళ్లాం తోడబుట్టినవాడే. అన్నదమ్ముడు పనికిరాడు, స్నేహితుడు పనికిరాడు. వాళ్లకు కోపాలుంటాయి, ఆశలుంటాయి, తాడు వదిలెయ్యొచ్చు. బామ్మర్ది వదలడు. వదిలితే బొట్టు చెరిగేది వాడి అక్కకే. దిగేవాడు "బామ్మర్దీ!" అని కేకెయ్యాలి. పైవాడు "బావా!" అని బదులివ్వాలి. ఆ మాట వినపడందే కింద కాలు కదలకూడదు.

ఈదయ్య భార్య గురవి. ఆమె తమ్ముడు ఎర్రయ్య. తాడు కాపు కాయడంలో వాణ్ణి మించినవాడు లేడు. ఒక వేసవిలో రాజుగారికి తేనెస్నానం చెయ్యాలని మనసైంది. అవును, స్నానమే! ఒంటికి పోసుకుని కాలవలోకి వదిలెయ్యడానికి! బంట్లు వచ్చి ప్రతి గుడిసెలో ప్రతి బుర్రా ఊడ్చుకుపోయారు. మోసేందుకు ఎర్రయ్యలాంటి గట్టివాళ్లనూ తోలుకుపోయారు. మర్నాడే మైనం కాచే కుండ పగిలి గురవి చెయ్యి, భుజం కాలాయి. పూయడానికి గరిటెడు తేనె లేదు. తలెత్తితే బండనిండా పెరలు. దిగుదామంటే తాడు పట్టే బామ్మర్ది రాజుగారి ఊళ్లో ఉన్నాడు. ఈదయ్య కట్టుబాటు పట్టుకుని కూచున్నాడు. ఇవాళొస్తాడు, రేపొస్తాడు అనుకున్నాడు. కాలిన చోటు చీము పట్టింది, కుళ్లింది. తొమ్మిదో నాడు గురవి పోయింది. పదో నాడు ఎర్రయ్య వచ్చాడు.

వచ్చి, తాడు ముక్క నరికి ఈదయ్య కాళ్ల ముందు పడేశాడు. "మా అక్క కుళ్లిపోతుంటే నీకు కట్టుబాటు గుర్తొచ్చిందా? ఇంకోసారి నిన్ను బావా అని పిలిస్తే నా నాలుక తెగి పడాలి" అన్నాడు. రాజు బంట్లు మళ్లీ వస్తారని ఊరంతా దక్షిణపు కొండలకు మళ్లింది. ఈదయ్య మళ్లలేదు. గురవిని పెట్టిన చోటు ఇక్కడే ఉంది.

చెట్టు తొర్రల్లో చేతికందే జుంటితేనె ఏరుకుని బతుకుతున్నాడు. ఏడాదంతా ఏరితే నిండింది ఆ ఒక్క బుర్ర. అదీ ఇప్పుడు ఈ పరాయివాడి తొడలోకి పోయింది.

ఎనిమిది రోజుల కింద ఒక గుర్రం నురగలు కక్కుతూ వచ్చి గుడిసె ముందు కూలింది. దాని మీంచి వీడు దొర్లిపడ్డాడు. తొడలో విరిగిన బాణం. గాయం మీద ఎవడో బూడిద మెత్తి పెట్టాడు. అది పెచ్చు కట్టింది. పైకి పొడిగా, చక్కగా ఉంది. వేలితో నొక్కితే పక్కనుంచి పచ్చటి చీము ఉబికింది. ఆ కంపుకు ఈదయ్య ముక్కు మూసుకోలేదు. ఐదేళ్ల కింద తొమ్మిది రోజులు పీల్చిన కంపే అది.

పెచ్చు ఊడదీశాడు. బాణం మొన లాగాడు. ఉప్పేసి కాచి చల్లార్చిన నీళ్లతో కడిగాడు. చచ్చిన కండను వెదురు బద్దతో గీకి తీశాడు. ఉడికించి ఆరబెట్టిన పాత గుడ్డను పేలికలు చింపి, తేనెలో నానబెట్టి, గుంట అడుగు నుంచి ఒక్కో మడతా వదులుగా నింపుకుంటూ వచ్చాడు.

"అబ్బా! నిప్పులు పోస్తున్నావా?" అని అరిచాడు వాడు.

"తేనె. మొదట మండుద్ది. ఓర్చుకో."

"పైన పూస్తే చాలదా?"

"నీకు బూడిద పూసినోడూ అదే అనుకున్నాడు. పైన మూతపడి అడుగున కుళ్లు మిగిలితే ఆ మూత నీ గోరీ మీద రాయే. పుండు కిందనుంచి పూడాలి. కదలకు."

రెండో నాడు గాయం ఏడ్చింది. కట్లు నీరుకారి తడిసి ముద్దయ్యాయి. పూటకొకసారి మార్చాడు. మూడో నాటికి కంపు పోయింది. ఐదో నాటికి గుంట అడుగున దానిమ్మ గింజల్లాంటి ఎర్రటి కండ మొలకెత్తింది. అది చూసి ఈదయ్య బయటికి పోయి, ఎందుకో కాసేపు గోడకు తలానించి నిలబడ్డాడు.

ఇప్పుడు, ఎనిమిదో రోజున, ఖాళీ బుర్ర వంక చూసి ఆ పడుచువాడు మోచేతి మీద లేచాడు.

"కట్టు లేకపోతే వాసన మళ్లీ వస్తుందా?"

"గుంట ఇంకా పూడలేదుగా. రెండు రోజుల్లో వస్తుంది."

"అయితే వాడూ వస్తాడు."

"ఎవడు?"

"ఈదయ్యా, నేను చెప్పినట్టు గుర్రాలకు గడ్డేసే మాచణ్ణి కాను."

"అది మొదటిరోజే తెలుసు. గడ్డి కోసేవాడి అరచెయ్యి నేనెరగనా? నీది వెన్నముద్ద."

"నేను రత్నాంగదుణ్ణి. వజ్రకూటం రాజు కొడుకుని."

పేలిక చుడుతున్న ఈదయ్య చేతులు ఆగిపోయాయి.

రాకుమారుడు గబగబా చెప్పుకుపోయాడు. ఆస్థాన మాంత్రికుడు కంకాళభట్టు సింహాసనం మీద కన్నేశాడు. కానీ రాజరక్తం తన చేత్తో చిందించాడా, వాడి విద్యలన్నీ ఆ క్షణమే బుగ్గి. అందుకే వేటలో వేరెవడితోనో బాణం వేయించాడు, మొనకు కుళ్లు పూసి. వైద్యం పేరుతో తనే బూడిద మెత్తాడు. రాకుమారుడు తనంతట తాను కుళ్లి చావాలి, నెత్తురు ఎవరికీ అంటకూడదు. విషయం పసిగట్టి రత్నాంగదుడు గుర్రమెక్కాడు. మాంత్రికుడి పచ్చ ఈగలు పుండు కంపు పట్టుకుని మూడు పగళ్లు వెంటాడాయి. ఈ గుడిసెకొచ్చిన మూడో రోజున కంపు పోయింది, ఈగలు దారి తప్పాయి.

"నీ తేనె నా కాలినే కాదు, నన్నూ దాచిపెట్టింది" అన్నాడు.

ఈదయ్య లేచాడు. "మీ అయ్య తేనెస్నానం బాగా సాగిందా?" అని అడిగాడు.

రాకుమారుడికి అర్థం కాలేదు. ఈదయ్య చెప్పాడు. గురవి పేరు, తాడు కట్టుబాటు, బుర్రలు, తొమ్మిది రోజులు, ఎర్రయ్య వెళ్లిపోవడం. తిట్టలేదు, ఏడవలేదు. కుండకు చెప్పినట్టు చెప్పాడు. చెప్పి, బయటికి పోయి, గురవి రాయి దగ్గర కూచున్నాడు.

ఎండ గుడిసె చూరు దాటి గడపలోకి వచ్చేసరికి లోపలికొచ్చి, చూరులో దాచిన పూసలదండ తీశాడు.

"లే. నా వీపెక్కు."

"ఎక్కడికి?"

"బండ మీదికి. నేను దిగుతా. నువ్వు తాడు పడతావు."

"బామ్మర్దే పట్టాలన్నావుగా?"

"అందుకే" అంటూ ఈదయ్య ఆ దండను రాకుమారుడి మణికట్టుకు మూడు చుట్లు చుట్టాడు. "ఇది గురవిది. ఈ పొద్దునుంచి నువ్వు దాని తమ్ముడివి. మీ అయ్య చేసినదానికి ఈ ముడి వెయ్యకూడదు. కానీ ఆనాడు కట్టుబాటని కూచుని ఒకదాన్ని చంపుకున్నా. మళ్లీ కూచోను."

మేకల బాట వెంట ఏటవాలు ఎక్కాడు. వీపు మీద బరువు, మెడలో తాడు చుట్ట, చంకలో ఖాళీ బుర్ర. రెండుసార్లు రాళ్లు జారాయి. ఒకసారి ఇద్దరూ దొర్లబోయి ముళ్లపొద పట్టుకుని ఆగారు. దారి పక్కన పొదల మీద ఎనిమిది రోజుల కట్టుపేలికలు ఆరేసి ఉన్నాయి.

"ఇవెందుకు పారెయ్యలేదు?" అన్నాడు రాకుమారుడు.

"తేనె అంటిన గుడ్డను పూడ్చం, కాల్చం. తేనెటీగ సొమ్ము తేనెటీగకే చేరాలి. అవే వచ్చి నాకిపోతాయి."

బండ కొమ్మున నల్లమద్ది మోడు ఉంది. మూడు పోగుల నారతాడు దానికి బిగించి, రాకుమారుణ్ణి పక్కనే కూచోబెట్టి, అంచున తాడు రాసుకోకుండా కింద ఆకులు దోపాడు. పొగకు పచ్చాకుల కట్ట ముట్టించాడు. ఒంటికి పసరు పూసుకున్నాడు. తన దుప్పటి రాకుమారుడి ఒళ్లో పడేశాడు.

"నేను బామ్మర్దీ అంటా. నువ్వేమనాలి?"

"పట్టుకున్నాను అంటాను."

"కాదు. బావా అనాలి."

రాకుమారుడి పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. పుట్టి బుద్ధెరిగాక వాడు ఎవర్నీ వరస పెట్టి పిలవలేదు. వాణ్ణి అందరూ ప్రభూ అన్నారు. వాడు అందర్నీ ఒరే అన్నాడు. చివరికి, "పట్టుకున్నాను, దిగు" అన్నాడు తలొంచుకుని.

"మీ నాలుకలకు కూడా బంగారు తొడుగేశారా ఏంటి?" అని విసుక్కుని ఈదయ్య అంచు దాటాడు. బదులు రాకుండా దిగడం బతుకులో అదే మొదలు.

కింద లోయ నీలంగా, అడుగు లేనట్టుంది. గాలి తాడును ఊయల ఊపింది. పొగ పెరల కిందికి పాకింది. వేలకువేల రెక్కలు ఒక్కసారిగా గుర్రుమన్నాయి. నల్లటి తెర మడతలు మడతలుగా పక్కకు తొలిగింది. దాని వెనక మైనపు గదులు, లేత పసుపు, ముదురు పసుపు, అడుగున దీపం పెట్టినట్టు ఎర్రటి బంగారం. ఈదయ్య వెదురుకొడవలితో అంచు కోశాడు. తేనె మందంగా, బద్ధకంగా, మెలికలు తిరుగుతూ బుర్రలోకి దిగింది. ముంజేతిలో ఏడెనిమిది ముళ్లు దిగాయి. పట్టించుకోలేదు. బుర్ర మెడ దాకా నిండింది. ఒక నెల కట్లకు సరిపోయేంత! ఐదేళ్ల తరవాత నవ్వాడు. ఆ నవ్వుతోనే కిందికి చూశాడు.

మేకల బాట పక్కన పేలికలు తెల్లగా లేవు. పచ్చగా మెరుస్తున్నాయి. కదులుతున్నాయి.

తేనెటీగలు కావవి.

గాయంలో కంపు పోయిందనుకున్నాడే గానీ, మొదటి రెండు రోజుల చీము అంతా ఆ పేలికల్లో ఉందని తట్టలేదు! పూడ్చిపెడితే పోయేది. కాలిస్తే పోయేది. తాతల నాటి పద్ధతని, శత్రువుకు దారి చూపిస్తూ వరసగా జెండాలు కట్టాడు. ఒక కట్టుబాటు గురవిని తిన్నది, రెండోది ఇదిగో ఈ పిల్లాణ్ణి తినబోతోంది.

పచ్చ ఈగలు ఒక్క పెట్టున లేచాయి. ఒకే మబ్బుగా, ఒకే మోతగా ఈదయ్య ముఖం పక్కనుంచి పైకి దూసుకుపోయి కొమ్ము దాటాయి. మోత ఆగింది. చప్పుడు లేదు. ఆ తరవాత పైన ఎవరో నడిచొస్తున్న అడుగులు.

"బామ్మర్దీ!" అని కేకేశాడు ఈదయ్య.

బదులుగా రాకుమారుడి గొంతు, తడబడుతూ వచ్చింది. "ఈదయ్యా! ఇక్కడెవరో వచ్చారు. మీ ఎర్రయ్యనంటున్నాడు. ఎర్రజుట్టు, చెవికి పోగు. తాడు తనకిమ్మంటున్నాడు. ఇవ్వనా?"

అంతలో ఆ గొంతు వినపడింది. అదే గొంతు. కొంచెం బొంగురు, కొంచెం నవ్వు.

"బావా! నేనే బావా! దక్షిణం నుంచి నడిచొచ్చా. ఒక్కడివీ ఎన్నాళ్లుంటావని మనసొప్పలేదు. ఈ కుంటోడికి తాడు పట్టడం వచ్చా? నేను పడతా, పైకి రా. గుడిసెకు పోదాం. గంజి కాచుకుని తాగుదాం."

ఐదేళ్లు. ఐదేళ్లుగా ఆ మాట కోసం ఈదయ్య చెవులు బండకు ఆనించి పడుకున్నాడు. గాలి వీస్తే ఆ పిలుపే అనుకున్నాడు. నక్క కూస్తే ఆ పిలుపే అనుకున్నాడు. ఇవ్వు, తాడు వాడికివ్వు అనడానికి నోరు తెరిచాడు. కళ్లు నిండి లోయంతా మసకబారింది.

"బావా, పలకవేం బావా?"

ఈదయ్య నోరు మూసుకుంది.

ఎర్రయ్య మొండివాడు. అన్నమాట మింగేవాడు కాదు. పిలిస్తే నాలుక తెగి పడాలన్నాడు. వాడు నిజంగా వస్తే అంచున కూచుని, బూతులు తిడుతూ, గులకరాళ్లు రువ్వుతూనైనా తాడు పడతాడు. ఆ ఒక్క మాట మాత్రం అనడు. ఇంత తేలిగ్గా, ఇంత తియ్యగా నాలుగుసార్లు అనేవాడు ఎర్రయ్య కానే కాదు.

"ఇవ్వకు!" గొంతు చించుకుని అరిచాడు. "వాడు మావోడు కాదు! తాడు ఇవ్వకు!"

పైన నవ్వు. ఆ నవ్వులో ఎర్రయ్య గొంతు సగంలోనే ఊడిపోయింది. దాని అడుగు నుంచి వేరే గొంతు బయటపడింది, సన్నగా, చల్లగా.

"తెలివైనవాడే. వాడి తలపుల్లోంచి నా ఈగలు తెచ్చిన గొంతుకే లొంగలేదు. రాకుమారా, నిన్ను నేను ముట్టను. నాకా అవసరం లేదు. నీ తేనెవాడు లోయలో పడితే చాలు. మిగతా పని నీ కాలే చూసుకుంటుంది."

కత్తి నార మీద పడిన చప్పుడు. మోడు దగ్గర! తాడు ఒక్కసారి వణికింది. మొదటి పోగు తెగింది. రెండో పోగు తెగింది. ఈదయ్య బుర్రను గుండెకు అదుముకుని కళ్లు మూసుకున్నాడు.

మూడోదీ తెగింది.

తాడు సర్రున జారింది. బండ పైకి పరిగెత్తింది. మూర, రెండు మూరలు, మూడు. ఠక్కున ఆగింది! నడుము విరిగినంత పనైంది ఈదయ్యకు. పైన ఎముక రాయికి తగిలిన చప్పుడు, పళ్లు బిగబట్టిన మూలుగు.

రాకుమారుడు తాడును ముందే నడుముకు చుట్టుకున్నాడు. చాచిన రెండు కాళ్లూ అంచు రాయికి తన్నిపెట్టి, మోడు మొయ్యాల్సిన బరువును ఒంటితో మోస్తున్నాడు.

"వదిలెయ్యి!" అన్నాడు ఈదయ్య కింద నుంచి. "గాయం పగులుద్ది! ఎనిమిది రోజుల పని! వదిలెయ్యి!"

తాడు వెంట వెచ్చగా ఏదో జారి వచ్చింది. ఈదయ్య వేళ్ల సందున ఎర్రగా పారి, బుర్ర మూతి మీద చుక్క పడింది.

"నోరు మూసుకుని ఎక్కు బావా!" అని అరిచాడు పైనుంచి గురవి తమ్ముడు.

ఈదయ్య బుర్ర తాడును మెడకు తగిలించుకున్నాడు. చేతిలోని పొగకట్టను లోయలోకి విసిరేశాడు. ఇంతదాకా ముట్టని పెద్ద పెర, అన్నిటికీ తల్లిలాంటిది, పక్కనే నల్లగా ఊపిరి తీస్తోంది. మడమతో దాన్ని గట్టిగా తన్నాడు.

"దుప్పటి కప్పుకో బామ్మర్దీ!"

బండ పొట్టలోంచి నల్లటి తుపాను లేచింది. కంకాళభట్టు నిలబడిన కొమ్ము వైపు గర్జిస్తూ ఎక్కింది. దాని నడిమధ్యలోంచి, ఒంటినిండా ముళ్లతో, మోడు కాకుండా ఒక పుండుబడ్డ కాలు ఆపుతున్న తాడును పట్టుకుని, తేనె మనిషి జానెడు జానెడుగా పైకి పాకుతున్నాడు.